తరిగొండ వెంగమాంబ

మన దెగ్లూరు పిల్లలకు ఒక్క భావమునకు రెండు మాటలు వచ్చును. ఇంటిలో వెర్రి యందురు, బజారులో వేడ్ అందురు. తెలుగైనను మరాఠీయైనను ఆ మాట ఒకరిపై పడినచో తుడిచివేయుట కష్టము. అట్టి మాట పడిన యొక కవయిత్రి చరిత్రను ఇచట సంగ్రహముగా తెలుపుచున్నాము.

వెంగమాంబ 1730లో చిత్తూరు సీమయందలి తరిగొండలో జన్మించెను. తండ్రి కృష్ణయ్య, తల్లి మంగమాంబ. చిన్ననాటినుండియు ఆమె మనస్సు ఆ యూరి నృసింహస్వామి గుడియందే యుండెడిది. ఏకాంతమున కూర్చుండి తనలో తాను పాడుకొను బాలికను చూచి, మతి చలించినదని కొందరు, దయ్యము సోకినదని కొందరు చెప్పుకొనిరట. ఇంజేటి వేంకటాచలపతి యనువానితో వివాహమయ్యెను గాని, ఆతడు త్వరలోనే మరణించెను. పెండ్లి చేసిన పిచ్చి కుదురునను నమ్మకము నేటికిని కొన్ని యిండ్లలో కలదు. దానివలన ఇద్దరి బ్రదుకులు చెడుటయే గాని, కుదిరినవారిని మేమెరుగము.

భర్త పోయినపిదప వెంగమాంబ పసుపుకుంకుమలు విడువలేదు, శిరోముండనమునకు ఒప్పుకొనలేదు. స్వామియే తన భర్త యనెను. ఇక ఊరివారికి సందేహమే లేకపోయెను. మా అభిప్రాయమున ఇది రోగము గాదు. ఆచారమును మీరిన స్త్రీకి లోకము పెట్టిన పేరు. మదనపల్లెలోని రూపావతారము సుబ్రహ్మణ్యశాస్త్రిగారు మాత్రము ఆమెను శిష్యురాలిగా స్వీకరించి యోగవిద్య నుపదేశించిరి. ఒకే నడవడి ఊరికి వెర్రి, గురువునకు సాధన!

మన మహారాష్ట్రమునందును ఇట్టి యుదాహరణము కలదు. 13వ శతాబ్దమున ఋద్ధిపురమున నివసించిన గోవిందప్రభువు పసిబిడ్డవలె నవ్వుచు వీధుల తిరుగుచుండ, కొందరు పిచ్చివాడనిరి. మహానుభావ పంథీయులు దేవుడనిరి. వెంగమాంబ కాలముననే లండను నగరమందలి బెత్లెం ఆసుపత్రిలో రోగులను జనులు వేడుకగా చూడవచ్చుచుండిరి. 1770లో గాని ఆ రాకపోకలకు కట్టుబాటు రాలేదు. 1796లో ఇంగ్లండునందలి యార్కులో క్వేకర్లు ఒక ఆశ్రమము స్థాపించి, సంకెలలకు మారుగా ఆదరముతో చికిత్స సాగించిరి.

ఇచట తలిదండ్రులకు ఒక మాట. వెంగమాంబను వెర్రిది యనుట యెంత పొరపాటో, నిజముగా మనోవ్యాధితో బాధపడువానిని దయ్యము పట్టినవాడనియో, మహాత్ముడనియో వైద్యమునకు దూరము చేయుటయు అంతే పొరపాటు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము చికిత్సను హక్కుగా నిచ్చినది. రోగిని గొలుసులతో బంధించుటను నిషేధించినది.

తరిగొండలో నిలువలేక వెంగమాంబ తిరుమల చేరెను. అచటను కొందరు అర్చకుల వలన ఇక్కట్లు పడి, తుంబురుకోనలో కొన్నియేండ్లు తపస్సు చేసినదని చెప్పుదురు. వేంకటాచలమాహాత్మ్యము, ద్విపద భాగవతము, వాసిష్ఠరామాయణము మున్నగు కావ్యములు రచించినది. తాను చదువుకొననిదాననని ఆమెయే చెప్పుకొనుట విశేషము. 1817లో తిరుమలయందే తనువు చాలించెను. నేడు ఆ కొండపై యాత్రికులకు భోజనమిడు అన్నప్రసాద కేంద్రము ఆమె పేరనే యున్నది. రాత్రి ఏకాంతసేవలో అన్నమాచార్యుని లాలిపాటతోపాటు వెంగమాంబ ముత్యాలహారతియు జరుగును; పిదప ఆలయద్వారములు మూయుదురు.