జూలియస్ సాక్సు

జూలియస్ సాక్సు 1832లో ప్రష్యా దేశపు బ్రెస్లావు నగరమున జన్మించెను. 1849 నాటికే తల్లిదండ్రులిరువురును గతింపగా నాతని చదువు నిలిచిపోయెను. తన కుమారుల చెలికాడగు ఆ బాలుని పుర్కినే అను శాస్త్రజ్ఞుడు 1851లో ప్రేగు నగరమునకు రప్పించి తనకు సహాయకునిగా నియమించుకొనెను.

మొక్క నేలనుండి గ్రహించు పదార్థములెవ్వియో తెలిసికొనుటకు సాక్సు దానిని మన్ను లేకయే పెంచ బూనెను. విత్తనమును తడి రంపపుపొట్టులో మొలపించి, లేతవేళ్లు తెగకుండ కడిగి, తొలిచిన బెండులో మొక్కను నిలిపి, లవణములు కరగిన నీటిజాడీలోనికి మార్చెడివాడు. వేళ్లే నీట మునుగవలెను. గింజ పైననే యుండవలెను. ఎంత యోపిక కావలసిన పని! ఇనుము లేని నీటిలో ఆకులు పాలిపోయెను. ఇనుపలవణము కొంచెము చేర్చగా కొలదిదినములకే పచ్చబడెను. మన్నెఱుగని మొక్కజొన్న కంకులు వేసెను. ఆ గింజలు మరల మొలకెత్తెను. ఈ పద్ధతిని సాక్సు 1860లో ప్రకటించెను.

1868లో వుర్ట్స్‌బర్గున ఆచార్యుడై, 1897లో అచ్చటనే మరణించెను.