రాజా దీన్‌దయాళ్

సర్ధనాలో 1844లో పుట్టిన రాజా దీన్‌దయాళ్ కూడా ఒకప్పుడు మనవంటి ప్రభుత్వోద్యోగే. రూర్కీలో చదివి, 1866లో ఇండోర్‌లో పనుల శాఖలో చేరారు. ఫొటోల పిచ్చి అక్కడే పట్టుకుంది.

ఆ రోజుల్లో అద్దపు పలకకు అప్పటికప్పుడు మందు పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి కడగాలి. కోటలు, గుళ్ళు తీయాలంటే చీకటి గుడారం, రసాయనాలు, అద్దాలు వెంట మోసుకుపోవాల్సిందే. మన కావలి మే నెల ఎండలో ఆ పని ఊహించుకోండి! తర్వాత పొడి పలకలు వచ్చి ఆ అవస్థ తప్పింది. వేటలు, సైనిక విన్యాసాలు కూడా ఆయన కెమెరాకు చిక్కాయి.

1880లలో ఉద్యోగం వదిలారు. సంసారి చేయదగిన సాహసం కాదది. ఆరవ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరై, సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. 1904లో కుమారుడు ధరమ్‌చంద్ పోయారు. మరుసటి ఏడే ఆయనా కన్నుమూశారు. ఆయన పలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి 1989లో చేరాయి.