విశ్వేశ్వర శంభువు: మందడపు ఆరోగ్యశాల

కాకతీయుల పేరు వినగానే మన కన్నులకు కట్టునవి వేయిస్తంభముల గుడి, ఓరుగల్లు కోటలోని కీర్తితోరణములు, రామప్ప దేవళము. పాఠశాలల పిల్లలు విహారయాత్రలలో చూచి వచ్చునవియు ఇవియే. ఆ రాజ్యముననే రోగులకు ఆరోగ్యశాలను, గర్భిణులకు ప్రసూతిశాలను, ఆకలిగొన్నవారికి అన్నసత్రమును ఒకే వ్యవస్థగా నెలకొల్పిన మహనీయు డొకడుండెను. గణపతిదేవ చక్రవర్తికి దీక్షాగురువైన విశ్వేశ్వర శంభు వాతడు. చరిత్ర గ్రంథములలో విశ్వేశ్వర శివాచార్యు డని పేర్కొనుటయు ఈయననే.

జన్మముచేత ఈయన ఆంధ్రుడు కాడు. గౌడదేశమునందలి రాఢామండలములో, అనగా నేటి పశ్చిమ వంగములో, పూర్వగ్రామమను ఊర జన్మించెను. గంగా నర్మదల నడుమనున్న డాహళమండలములో గోళకీమఠమను శైవపీఠ ముండెడిది. కలచురి రాజైన యువరాజదేవుడు ఆ పీఠమునకు మూడు లక్షల గ్రామములను భిక్షగా సమర్పించెనని శాసనము చెప్పును. లెక్క కొంత పెద్దదిగా తోచుమాట నిజమే. శాసనకవులకు అంకెలయందు ఔదార్య మెక్కువ. ఆ గురుపరంపరలో ధర్మశివుని శిష్యుడైన విశ్వేశ్వరుడు ఆంధ్రదేశమునకు వచ్చి కాకతీయుల ఆదరమునకు పాత్రుడయ్యెను. చోళ మాళవ రాజులును ఆయనకు శిష్యులైరట. గణపతిదేవుడు దీక్ష గైకొని తాను గురుపుత్రుడనని చెప్పుకొనెను. జటలు ధరించి, కుండలములు మెరయ, రాజమందిరపు విద్యామండపమున ఆసీనుడైన ఆచార్యుని రూపమును శాసనము మనోహరముగా వర్ణించినది. అట్టి పీఠము నధిష్ఠించినవారి దృష్టి బాలింతరాలి పథ్యము మీదికిని, వంటవాని జీవనము మీదికిని దిగుట అరుదు. ఈయన దృష్టి దిగినది.

కృష్ణకు దక్షిణపు టొడ్డున, వెలనాటిలోని మందడ గ్రామమును గణపతిదేవుడు గురువునకు మాటతో ఇచ్చి యుండెను. ఆ మాటను కుమార్తె రుద్రమదేవి చెల్లించినది. వెలగపూడి గ్రామమును కూడ చేర్చి, క్రీ. శ. 1261 మార్చి 25వ తేదీన శాసనపూర్వకముగా ధారపోసినది. మందడము చెంతనున్న మల్కాపురపు శిలాస్తంభముపై ఈ వృత్తాంతము చెక్కబడియున్నది. 2016 నుండి ఆంధ్రప్రదేశ్ సచివాలయము వెలగపూడిలోనే పనిచేయుచున్నది. దస్త్రములు పట్టుకొని ఆ దారిని పోవువారిలో ఎంద రీ స్తంభమును చూచిరో!

ఆచార్యుడు ఆ భూమిలో విశ్వేశ్వర గోళకి యను అగ్రహారమును నిర్మించి, బ్రాహ్మణ కుటుంబములకు వృత్తు లేర్పరచి, మిగిలినదానిని మూడు భాగములు చేసెను. ఒకటి శివాలయమునకు, రెండవది విద్యార్థులకును మఠమునకును, మూడవది ప్రసూతిశాల, ఆరోగ్యశాల, సత్రములకు. ఈ మూడవ భాగము చూడదగినది. వైద్యమునకును అన్నమునకును ఒకటే ఆదాయము. రోగికి మందిచ్చి పథ్యమునకు వేరొక చోటికి పొమ్మనవలసిన పనిలేదు. ఇక మనుష్యుల మాట. వేదములు చెప్పువారు ముగ్గురు, తర్క సాహిత్య ఆగమాదులు చెప్పువారు ఐదుగురు. వారి సరసనే వైద్యు డొకడు, లెక్కలు వ్రాయు కాయస్థు డొకడు. మఠమునకును సత్రమునకును వంటవారు, పరిచారకులు. ఊరి కాపుదలకు వీరభద్రులను పేర 10 మంది భటులు. కంసాలి, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, మంగలి మున్నగు పనివారు. దేవళమునకు నర్తకులు, మద్దెలవారు, పాడు స్త్రీలు. వారితో కాశ్మీరదేశపు గాయకు డొకడు! సత్రములో మాత్రము బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు వచ్చినవారికెల్ల అన్నము పెట్టవలెనని శాసించెను. వృత్తులు కులములను బట్టి నడచిన కాలమది. దీనిని నేటి సమానత్వమని విద్యార్థులు పొరబడరాదు. అయినను ఆరోగ్యశాల యనగా వైద్యు డొక్కడే కాడని ఇంత వివరముగా రాతిపై వ్రాయించినవారు అరుదు.

చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఆ సంహితయే మరియొక హెచ్చరికయు చేసినది. అసాధ్యరోగమును చేపట్టిన వైద్యుడు ధనమును, విద్యను, యశస్సును పోగొట్టుకొనునట. శాస్త్రము ననుసరించి వైద్యుడు తొలగిపోయిన పిమ్మట ఆ రోగి గతి యేమి? వానికి ఆకలి పోలేదు, నొప్పి పోలేదు, భయము పోలేదు. వెనుక మిగులు బిడ్డల చింతయు పోలేదు. వైద్యుని భృతి నొక్కదానినే వ్రాసి విడిచినచో అట్టివానికి చోటుండదు. వంటవాడును, పరిచారకుడును, లెక్క చూచువాడును అదే ఆదాయముపై బ్రతుకుచున్నందున, మందు నిష్ఫలమైన నాడును గంజి పోయుటకు చేయి యొకటి మిగులును. మందడపు ఏర్పాటులోని గొప్పతన మిదియే యని నా తలంపు.

ఇట్టి రోగులకొరకే 1967లో లండనున సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, పిదప ఆసుపత్రిలో రోగుల సంసారపు చిక్కులు విచారించు ఉద్యోగిని, తుదకు డాక్టరు. మూడు పనులను చేతులార చేసినది కనుకనే ఏ ఒక్కటియు చాలదని ఎరిగినది. మరణము సమీపించినవాని బాధ దేహమునకు, మనస్సునకు, కుటుంబమునకు, ఆత్మకు కలిసి యుండునని ఆమె బోధించెను. నేడు హైదరాబాదు ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రిలో ఉపశమన చికిత్స ఈ మార్గముననే జరుగుచున్నది. డాక్టరు నొప్పికి మార్ఫిను వ్రాయును. నర్సు పుండు కడుగును. సాంఘిక కార్యకర్త ఇంటి పరిస్థితి కనుగొనును. వీరిలో ఒకరి మాట మరియొకరు వినని నాడు రోగి పడు అవస్థ చూచినవారికే తెలియును.

విశ్వేశ్వరుడు కాళేశ్వరము, ఏలేశ్వరము మొదలగు చోట్లను మఠములు నెలకొల్పెను. ఏలేశ్వరము తరువాత నాగార్జునసాగర జలములలో మునిగినది. మందడములో మాత్రము ఆయన ఇంకొక నియమమును చేర్చెను. ఇంతమంది పనిని కనిపెట్టి చూచుటకు గోళకీ పరంపరలోని ఆచార్యు డొకడుండవలెను. ఆ ఆచార్యుడు దారి తప్పినచో శైవసంతతివారు అతనిని తొలగించి, యోగ్యుడైన మరియొకని నియమింపవచ్చును. చక్రవర్తులు పాదములకు మ్రొక్కిన గురువు తన పీఠమునకే ఈ కట్టుబాటు విధించి, రాతిపై చెక్కించెను.