కరువు తొవ్వల దొరికిన సంబురం

కష్టమొచ్చినప్పుడు దేవుడు యాదికొస్తడు. ఇది అందరికి ఎర్కైన ముచ్చటే. మరి దేవుని నమ్మినంక ఏం జెయ్యాలె? కష్టం పోయేదాక కండ్లు మూసుకొని కూసోవాల్నా, లేసి నడువాల్నా? అప్పులు, ఎండిన పంట, రాని నౌకరి నడుమ నలుగుతున్న మన పల్లె పిల్లలు రోజూ తమను తాము అడుక్కునే ప్రశ్న ఇది. పండిత రమాబాయి దీనికి తన బతుకుతోనే జవాబు చెప్పింది. ఆమెను సంఘ సంస్కర్తగ యాది చేసుకునేటోళ్లు ఉన్నరు. ఆమెను నడిపిచ్చిన క్రీస్తు నమ్మకం ముచ్చట మాత్రం తక్కువ మంది తీస్తరు.

1858 ఏప్రిల్ 23న పడమటి కనుమల్ల, గంగామూల అడవిల పుట్టింది. తండ్రి అనంత శాస్త్రి డోంగ్రె మరాఠీ బ్రాహ్మణ పండితుడు. పెండ్లాం లక్ష్మీబాయికి సంస్కృతం నేర్పిండు. ఆడోళ్లకు సంస్కృతమేందని పండితులు మీదికొచ్చినా తగ్గలేదు. తల్లి దగ్గర కూసొని రమాబాయి భాగవతం శ్లోకాలు వేలకు వేలు నోటికి పట్టింది. గుడి గుడి తిరుక్కుంట, పురాణం చదువుకుంట ఆ కుటుంబం బతికింది.

1870లల్ల కరువు మీదపడ్డది. సొమ్ములు, గిన్నెలు అమ్ముకొని తిన్నరు. కూలి పని చేసుడు తెల్వదు, అడుక్కునేటందుకు మనసు రాదు. ఆఖరికి తిరుపతి దగ్గరి అడవిల నీళ్లు తాగి, ఆకులు నమిలి దినాలు ఎల్లదీసిన్రు. ముందుగాల తండ్రి పోయిండు. అప్పటి నిజాం రాజ్యంల ఉన్న రాయచూరుల తల్లి పోయింది. పాడె మోసేటందుకు మనుషులు సాలక రమాబాయే ఒక దిక్కు పట్టింది. పొట్టి మనిషి, భుజం అందకపోతె నెత్తి మీద పెట్టుకొని మోసింది. తర్వాత అక్క కూడ పోయింది. మొక్కని దేవుడు లేడు, చెయ్యని ఉపాసం లేదు. అయినా గిట్లెందుకైందనే ప్రశ్న ఆమెలో నాటుకపోయింది.

అన్న శ్రీనివాస్‌తోని దేశమంత కాలినడకన తిరిగి 1878ల కలకత్తా చేరింది. ఆడ పెద్ద పెద్ద పండితులు ఆమె సదువు జూసి పండిత, సరస్వతి అని బిరుదులిచ్చిన్రు. గా పండితులే ధర్మశాస్త్రాలు చదివి ఆడోళ్లకు చెప్పుమన్నరు. చదివినకొద్ది ఆమెకు ఒకటి అర్థమైంది. ఆడదానికి, శూద్రునికి తమంతట తాము మోక్షానికి పోయే తొవ్వ ఆ పుస్తకాలల్ల ఆమెకు కనిపియ్యలేదు.

1880ల అన్న పోయిండు. అదే ఏడు ఆమె కులం కట్టు దాటి బిపిన్ బిహారీ అనే బెంగాలీ వకీలును పెండ్లి చేసుకున్నది. ఆయన ఇంట్ల పుస్తకాల నడుమ బెంగాలీ లూకా సువార్త దొరికింది. చదువుడు షురువు జేసింది. 1882ల కలరా వచ్చి మొగడు సచ్చిపోయిండు. అప్పటికి ఆమెకు ఇరవై మూడేండ్లు, సంకల మనోరమ అనే పసిపిల్ల.

పుణెకు వచ్చి ఆడోళ్ల కోసం ఆర్య మహిళా సమాజం పెట్టింది. ఆడోళ్లకు ఆడ డాక్టర్లు, ఆడ టీచర్లు కావాలని సర్కారు వేసిన హంటర్ కమిషన్ ముందట గట్టిగ చెప్పింది. 1883ల డాక్టర్ సదువు కోసం ఇంగ్లండ్ పోయింది. చెవులు సరిగ వినపడక ఆ సదువు సాగలేదు. లండన్‌ల ఫుల్హామ్ దగ్గర, లోకం పాడైపోయిన్రని ఇడిసిపెట్టిన ఆడోళ్లను క్రైస్తవ సన్యాసినులు చేరదీసిన ఇల్లు జూసింది. గిట్లాంటోళ్లను దగ్గరికి తీసేటోళ్లు కూడ ఉంటరా అని ఇచ్చంత్రపడ్డది. బాయి కాడ యేసు సమరయ ఆడమనిషితోని మాట్లాడిన కథ అప్పుడే ఇన్నది. ఎవ్వలు అంటుకోని ఆడిదాన్ని మనిషిగ జూసిన దేవుడు ఆమె గుండెకు తాకిండు. 1883 సెప్టెంబర్ 29న వాంటేజ్‌ల బాప్తిస్మం తీసుకున్నది. మన దేశంల పెద్ద లొల్లి అయింది. జ్యోతిబా ఫూలే మాత్రం ఆమె దిక్కు నిలవడ్డడు.

ఇక్కడ ఒక సంగతి మంచిగ సమజ్ చేసుకోవాలె. చర్చిల చేరినంక ఆమె ప్రశ్నలు బందు కాలె. శిలువ మీద లాటిన్ అక్షరాలు ఎందుకు, సంస్కృతం ఎందుకు ఉండొద్దని కొట్లాడింది. మాంసం ముట్టలేదు. బైబిల్ సొంతంగ చదివి, మనసుకు ఒప్పినంత వరకే ఒప్పుకున్నది. చెప్పినట్టు ఇనుమన్న తెల్ల పెద్దలకు గది నచ్చలేదు. సంబురం కూడ బాప్తిస్మం నాడే రాలేదు. ఎనిమిదేండ్ల తర్వాత, 1891 కాలంల, మతం దొరికింది గని క్రీస్తు ఇంక దొరకలేదని ఆమెకే తెలిసొచ్చింది. గప్పుడు తన లెక్కలన్ని పక్కకువెట్టి, ఉన్నదున్నట్టు దేవుని చేతిల పడ్డది. మనసు నిమ్మళమైంది. నమ్మకం ఒక్క దినంల పండేది కాదు. నారు పోసిన నాడే కోత కొయ్యలేం గద.

1889ల బొంబాయిల శారదా సదన్ తెరిచింది. మొగడు సచ్చిన చిన్న వయసు ఆడిబిడ్డలకు ఇల్లు, సదువు ఇచ్చింది. మరుసటేడు అది పుణెకు మారింది. ఆమె తలుపు తీసిపెట్టి ప్రార్థన చేసుకుంటె కొందరు పిల్లలు వచ్చి కూసునేది. 1893ల మతం మారుస్తున్నదని గొడవ లేసింది. సలహా సంఘం పెద్దలు తప్పుకున్నరు. చానమంది తల్లిదండ్రులు పిల్లల్ని తీస్కపోయిన్రు. పేరు పోయినా ఆమె ఇల్లు మూయలేదు.

1896ల మల్ల కరువు వచ్చింది. మధ్య పరగణాలల్ల ఆడిపిల్లలు తొవ్వల పొంటి పడి సస్తున్నరని ఇన్నది. తన తల్లి పాడె మోసిన మనిషి ఊకె ఎట్ల కూసుంటది? తానే పోయి వందల మంది పిల్లల్ని తెచ్చుకున్నది. పుణె దగ్గర కేడ్గావ్‌ల కొన్న భూమిల వాళ్లను పెట్టింది. ఆ జాగకు ముక్తి అని పేరు. 1900ల గుజరాత్ కరువు పిల్లలు కూడ వచ్చినంక అక్కడి మంది ఇంచుమించు రెండు వేలైన్రు. ప్రార్థన ఉండేది, దానితోపాటు పని ఉండేది. మగ్గం, కుట్టు, పాడి, ఎవుసం, అచ్చు పని నేర్పిన్రు. చూపు లేనోళ్లకు వేళ్లతోని చదివే బ్రెయిలీ నేర్పిన్రు. 1905ల అక్కడ పెద్ద ప్రార్థన ఉద్యమం లేసింది. ఆకలికి ఎండిన నోళ్లే పాటలు పాడినయి.

ఆఖరి ఏండ్లల్ల హీబ్రూ, గ్రీకు నేర్చుకొని బైబిల్‌ను మామూలు ఆడోళ్లకు అర్థమయ్యే మరాఠీల రాసింది. ముక్తి ఆడోళ్లే అచ్చేసిన్రు. 1921ల ఒక్కగానొక్క బిడ్డ మనోరమ తల్లి కంటె ముందే పోయింది. అయినా కలం దించలేదు. 1922 ఏప్రిల్ 5న కన్నుమూసింది. బైబిల్ మొత్తం 1924ల బయటికొచ్చింది.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, దేవుడు రమాబాయి కష్టం తీసెయ్యలేదు. తల్లి, తండ్రి, అన్న, మొగడు, బిడ్డ అందరు పోయిన్రు. ఆమెకు దొరికింది తొవ్వ. తాను పడ్డ ఆకలి ఇంకొక పిల్ల పడొద్దని లేసి పోయే బలం దొరికింది. ఆమె సంబురం ఆడనే ఉన్నది. గిన్ని పైసలు ఇస్తె అప్పులు తీరుతయని, నూనె రాస్తె నౌకరి వస్తదని చెప్పేటోళ్లు ఊరికొస్తె ఈమెను యాది చేసుకోండ్రి. ఏ మతమైనా కానియ్యి, సొంతంగ చదువుండ్రి, ప్రశ్న అడుగుండ్రి. ప్రార్థన అయినంక మీ వాడల బడి మానేసిన పిల్ల ఎవలో జూసి, ఆమె ఇంటికి పోండ్రి.