బాలోద్యాన స్థాపకుడు ఫ్రోబెల్

జర్మనీ దేశమున తురింజియా యను అడవుల సీమ కలదు. అందలి ఓబర్‌వైస్‌బాఖ్ గ్రామమున 1782వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన ఫ్రీడ్రిఖ్ ఫ్రోబెల్ జన్మించెను. ఏడాదియైన నిండకమునుపే ఆ శిశువు తల్లిని గోల్పోయెను. మతాచార్యుడైన తండ్రికి కుమారుని లాలించు తీరిక లేకుండెను. సవతితల్లికి తన బిడ్డ కలిగిన పిదప ఇతనిపై ఆదరము తగ్గెను. ఇంటితోటలోని మొక్కలే ఇతనికి తోడు. పదవ యేట మేనమామ తన యింటికి గొనిపోయి చదివించెను. లాలన లేని బాల్యమెంత దుర్భరమో, ఆదరము లభించిన బాలుడెట్లు వికసించునో ఫ్రోబెల్ స్వానుభవమున నెరిగెను.

యౌవనమున ఇతడు యేనా విశ్వవిద్యాలయమున చేరియు ధనలేమిచే చదువు మానుకొనెను. 1805లో ఫ్రాంక్‌ఫర్టు నగరమున ఉపాధ్యాయుడైన పిమ్మటనే తన మార్గమేదియో గ్రహించెను. 1808 నుండి రెండు సంవత్సరములు స్విట్జర్లాండునందు పెస్టలోజీ యను విద్యావేత్త చెంత నుండెను. వల్లెవేయుటకంటె వస్తువులను చూచి, తాకి నేర్చుట మేలని ఆ గురువు మతము. స్వదేశమునకు మరలివచ్చి, కైల్‌హౌ గ్రామమున 1817 నుండి ఫ్రోబెల్ తన పాఠశాలను నడిపెను.

బడికి రాకమునుపటి వయస్సే జీవితమునకు పునాదియని ఆయనకు క్రమముగా తోచెను. తల్లులు పనికిపోవునపుడు పసివారిని కనిపెట్టి చూచు శాలలు ఆనాడు కొన్ని యుండెను. అచ్చట రక్షణయే ముఖ్యము. శిశువుల బుద్ధివికాసమును తలచువారు అరుదు. ఆటయే పసివాని విద్యయని ఫ్రోబెల్ నిశ్చయించి, 1837లో బ్లాంకెన్‌బర్గు పట్టణమున ఆటవస్తువులను రూపొందించుటకు పూనుకొనెను.

వానికి ఆయన కానుకలని పేరిడెను. మొదటి కానుక ఆరు రంగుల ఉన్నిబంతులు. దారమునకు కట్టిన బంతిని ఊపినప్పుడు శిశువు రంగును, దూరమును, రాకపోకలను తెలిసికొనును. రెండవది కొయ్యతో చేసిన గోళము, ఘనము, స్తూపము. ఏది దొరలును, ఏది నిలుచును అని శిశువు తానే కనిపెట్టును. మూడవది ఎనిమిది చిన్న ఘనములుగా విడివడు పెద్ద ఘనము. దానితో పిల్లవాడు కుర్చీని, మెట్లను కట్టును. కూలినచో మరల కట్టును. సగము, పాతిక అను లెక్కలు ఆ కొయ్యముక్కలలోనే వానికి పట్టుబడును. వలయముగా నిలిచి పాడుచు ఆడునపుడు తన వంతుకై వేచియుండుట అలవడును. ప్రతి పిల్లవానికి పెంచుకొనుటకు చిన్న మడియు ఉండెను.

1840లో ఈ విద్యాలయమునకు కిండర్‌గార్టెన్, అనగా బాలోద్యానము, అని నామకరణము చేసెను. తోటమాలి మొక్కను లాగి పెంచడు. నీరుపోసి, కలుపుతీసి, ఎదుగుటకు తావిచ్చును. ఉపాధ్యాయుడును అట్లే యుండవలెనని ఆయన భావము. ఇందులకై యువతులకు శిక్షణ నొసగెను. ముదిమిలో పిల్లలతో కలిసి గంతులిడు ఆయనను చూచి కొందరు వెర్రివాడని నవ్విరి.

నవ్వుకంటె పెద్ద దెబ్బ 1851లో తగిలెను. ఫ్రోబెల్ అన్నకొడుకైన కార్ల్ వ్రాసిన రచనలను ఈయనవిగా భ్రమించి, ప్రష్యా ప్రభుత్వము తన రాజ్యమున బాలోద్యానములను నిషేధించెను. పొరపాటు విన్నవించినను ప్రభుత్వము చెవినిడలేదు. ఆ వ్యథతోనే 1852 జూన్ 21వ తేదీన ఆ వృద్ధగురువు కన్నుమూసెను. 1860లో నిషేధము తొలగెను గాని, చూచుటకు ఆయన లేడు.

అయినను ఆయన నాటిన విత్తనము చావలేదు. ఆయన వద్ద నేర్చిన స్త్రీలు దానిని దేశదేశములకు గొనిపోయిరి. 1856లో అమెరికాలోని వాటర్‌టౌనున ఒక శిష్యురాలు బాలోద్యానము స్థాపించెను. మన దేశమున 1975లో ఆరంభమైన అంగన్‌వాడీలలోను పసివారికి ఆటపాటలతో బోధించు పద్ధతి కలదు.

బాలబాలికలారా! ష్వైనా గ్రామమున ఫ్రోబెల్ సమాధిపై ఘనము, దానిపై స్తూపము, దానిపై గోళము నిలిచియున్నవి. ఇంట మీ చెల్లెలో, తమ్ముడో కొయ్యముక్కలు పేర్చుచున్నచో కాలము వృథా చేయుచున్నారని గద్దింపకుడు. వారు పాఠము నేర్చుచున్నారు.