మంజీర లెక్క వేసిన మనిషి: అలీ నవాజ్ జంగ్

జులై 11న తెలంగాణ ఇంజినీర్స్ డే అని మనం ఎవరి ఫోటోకి దండ వేస్తామో, ఆయనే నవాబ్ అలీ నవాజ్ జంగ్. మాది ఎల్లారెడ్డి. నిజాంసాగర్ కట్ట మీద తిరిగిన మా ఊరి పిల్లల్లో చాలామందికి దాన్ని కట్టిన ఇంజినీర్ పేరు తెలీదు. అందుకే ఇది రాస్తున్నా.

అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877లో హైదరాబాద్‌లో పుట్టారు. నిజాం కాలేజీలో చదివాక, 1896లో స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్ వెళ్లి కూపర్స్ హిల్ కాలేజీలో ఇంజినీరింగ్ చేశారు. 1899లో తిరిగొచ్చి నిజాం ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజినీర్‌గా చేరి, చీఫ్ ఇంజినీర్ అయ్యారు.

మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇలాంటి పనిలో రాయి, సున్నం కన్నా ముందు కావాల్సింది అంచనా. బొగ్గు గనిలో ఉన్న నిల్వను కొలిచి, ఏటా ఎంత తవ్వాలో ప్లాన్ వేసుకోవచ్చు. నదికి అట్ల కుదరదు. ఒక ఏడు వరద, ఇంకో ఏడు ఇసుక. అయినా రాబోయే యాభై ఏళ్లకు ఎంత నీళ్లొస్తాయో, ఎంత పొలానికి సరిపోతాయో ముందే చెప్పాలి. అప్పుడు కట్టింది 29.7 టీఎంసీల చెరువు, పారించాలనుకున్నది 2,75,000 ఎకరాలు.

తర్వాత రెండు వైపులా లెక్క మారింది. నీళ్లు రాగానే చెరకు పెరిగింది, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. అంటే సప్లైయే కొత్త డిమాండ్‌ని పుట్టించింది. ఇంకోవైపు మంజీర ఏటా మన్ను, ఇసుక మోసుకొచ్చి పోసింది. కొన్ని దశాబ్దాల్లో సామర్థ్యం 12 టీఎంసీల దగ్గరికి పడిపోయింది. నీటిమట్టం పెంచి దాన్ని 17.8కి తెచ్చారు. ఈలోగా పైన సింగూరు వచ్చింది, హైదరాబాద్ తాగునీళ్లూ మంజీర మీదే పడ్డాయి. ఆ తేడా మొదట తగిలేది చివరి ఆయకట్టు రైతుకి, అదీ యాసంగి పంటకి.

మరి ఆయన అంచనా తప్పా? నేనలా అనుకోను. మేం ల్యాబ్‌లో ఏ మోడల్ కట్టినా కొత్త డేటా ఇవ్వకపోతే అది పాతబడిపోతుంది. ఆయన లెక్క 1923 నాటిది. దాన్ని ఏటా దిద్దుకోవాల్సింది తర్వాతి వాళ్లు.

1938లో నెహ్రూ అధ్యక్షతన జాతీయ ప్రణాళికా సంఘం వేసినప్పుడు, నీటిపారుదల ఉపసంఘానికి అలీ నవాజ్ జంగ్‌నే అధ్యక్షుడిని చేశారు. 1949లో ఆయన పోయారు. మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలైంది 1951లో.

ఇప్పుడు మంజీరలో ఇసుక కూడా లెక్కకొచ్చే సరుకే. చట్టం దాన్ని చిన్నతరహా ఖనిజం అంటుంది. ఇండ్ల కోసం లారీల్లో ఎంత పోతోంది, వరద ఎంత తిరిగి తెస్తోంది? కామారెడ్డి జిల్లాలో ఇంజినీరింగ్ చదివే ఎవరైనా ప్రాజెక్ట్ కోసం టాపిక్ వెతుక్కుంటుంటే, ఇదొకటి ఉంది.