శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్

భారతదేశమున సంఘసేవకు జీవితము నర్పించిన మహిళలలో శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ అగ్రగణ్యురాలు. ఆమె 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను.

1923లో కాకినాడయందు కాంగ్రెసు మహాసభ జరిగెను. అప్పుడు దుర్గాబాయి ప్రదర్శనశాల ద్వారమువద్ద స్వచ్ఛంద సేవికగా నిలిచెను. టిక్కెట్టు లేక వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను సైతము ఆ బాలిక లోనికి పోనీయలేదు. టిక్కెట్టు కొన్న పిమ్మటనే త్రోవ విడిచెను. నియమము అందరికిని ఒక్కటియే యని ఆమె నమ్మెను.

ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని ఆమె కారాగారమున కేగెను. అచట చదువురాని స్త్రీ ఖైదీల దురవస్థను చూచి కలత నొందెను. విడుదలయైన పిదప దీక్షతో చదివి, ఎం.ఏ. పట్టమును, న్యాయశాస్త్ర పట్టమును పొందెను. 1937లో మద్రాసునందు ఆంధ్ర మహిళా సభను స్థాపించెను. చిన్ననాట చదువు మానిన స్త్రీలకు ఆ సభ కొలదికాలములోనే పరీక్షలకు తగిన శిక్షణ నొసగెను.

స్వాతంత్ర్యానంతరము, 1952లో ఆమె ప్రణాళికా సంఘ సభ్యురాలయ్యెను. ఏ యింట దిక్కులేని వితంతువు కలదో, ఏ వీధిలో అనాథ శిశువు కలడో ఊరివారి కెరుక. కాని వారియొద్ద ధనము లేదు. ధనముగల ప్రభుత్వమునకు ఆ ఇండ్ల జాడ తెలియదు. ఈ రెండింటిని కలుపుట ఎట్లు? ప్రభుత్వ ధనము చేరినచో సేవాసంస్థ కచేరీగా మారునేమో! లెక్క అడుగువారు లేనిచో ఆ ధనము వ్యర్థమగునేమో!

మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల సహాయమునకై 4 కోట్ల రూపాయలు కేటాయింపబడెను. 1953 ఆగస్టులో కేంద్ర సంఘసంక్షేమ బోర్డు ఏర్పడెను. దుర్గాబాయియే దాని మొదటి అధ్యక్షురాలు. నాటి ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌ను ఆమె వివాహమాడినదియు ఆ సంవత్సరముననే. బోర్డు సభ్యులలో అధికులు ఉద్యోగులు కాని సంఘసేవకులు. ధనము ప్రభుత్వమిచ్చెను, సేవాసంస్థలు తమ వంతు ధనమును కూడ సమకూర్చి, పనిచేసి, లెక్క చూపవలసియుండెను. మరుసటి ఏడు రాష్ట్రములలోను ఇట్టి బోర్డులు వెలసెను. 1958లో బోర్డు వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాబోధనను ప్రారంభించెను. మద్రాసులో మొలకెత్తిన పద్ధతి ఇట్లు దేశమెల్ల వ్యాపించెను.

1975లో ఆమెకు పద్మవిభూషణ బిరుదము లభించెను. 1981 మే 9వ తేదీన ఆమె పరమపదించెను. ప్రజల ధనము ప్రజల చేతులమీదుగా దీనులను చేరవలెనని ఆమె కోరెను; అందుకు లెక్క తప్పని మార్గమును చూపెను.